బెల్టు తీశాకే నాన్న

మా ఇంటి వరండా గోడకు ఒక మేకు ఉండేది. ఊళ్లు మారినా, క్వార్టర్లు మారినా, సామాన్లు దించగానే నాన్న చేసే మొదటి పని అదే. గుమ్మం పక్కన, పిల్లల చేతికి అందనంత ఎత్తులో మేకు కొట్టడం. డ్యూటీ నుంచి రాగానే బెల్టు తీసి దానికి తగిలించేవాడు. తర్వాత బూట్లు విప్పేవాడు. పెరట్లోకెళ్లి కాళ్లూ చేతులూ మొహమూ కడుక్కునేవాడు. అప్పటిదాకా మమ్మల్ని ముట్టుకునేవాడు కాదు. మేం పరిగెత్తుకెళ్లి కాళ్లకి చుట్టుకోబోతే "ఆగండి... ఆగండి" అంటూ పక్కకి తప్పుకునేవాడు. బకిల్ గుచ్చుకుంటుందని అలా చేస్తాడనుకునేదాన్ని. కారణం అదొక్కటే కాదేమోనన్న అనుమానం వచ్చేసరికి నాకు ఇరవై రెండేళ్లు.

ఈ పేజీలో ఎప్పుడూ ఊళ్లోవాళ్ల కబుర్లు, పక్కింటివాళ్ల కబుర్లు రాస్తుంటాను. ఈ వారం మా ఇంటి కబురే. నాన్న పోయి రెండేళ్లయింది. 'మీ నాన్నగారి గురించి రాయొచ్చుగా' అని ఆఫీసులో ఎవరో ఒకరు అంటూనే ఉన్నారు. రాయాలని కూర్చోవడం, లేచిపోవడం... ఇన్నాళ్లూ అదే జరిగింది. ఎందుకు లేచిపోయేదాన్నో చివర్లో మీకే తెలుస్తుంది.

నాన్న పెద్ద ఆఫీసరేమీ కాదు. 1975లో కృష్ణా జిల్లాలో కానిస్టేబులుగా చేరాడు. 2012లో ఎస్సైగా రిటైరయ్యాడు. అప్పట్లో రిటైర్మెంటు వయసు 58. రెండేళ్ల తర్వాత, రాష్ట్రం విడిపోయాక, ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని 60 చేశారు. 'ఇంకో రెండేళ్లు ఉద్యోగం ఉండేది' అని బంధువులు అంటే, అమ్మ వాళ్ల వంక చూసిన చూపు నాకింకా గుర్తుంది. ముప్పై ఏడేళ్ల సర్వీసులో నాన్న పేరు పేపర్లో ఒక్కసారి కూడా పడలేదు. మెడల్ రాలేదు. రెండు మెమోలు, ఒక ఇంక్రిమెంటు కోత మాత్రం వచ్చాయి. ఆ కోత ఎందుకో అడిగితే "పెద్దాయన కారు వస్తుంటే సెల్యూట్ కొట్టడం ఆలస్యమైంది" అనేవాడు. నిజమో, మమ్మల్ని నవ్వించడానికో తెలీదు.

కానిస్టేబులుకి పేరు కంటే ముందు నంబరు ఉంటుంది. రోల్‌కాల్‌లో నంబరే పిలుస్తారు. డ్యూటీ చార్టులో నంబరే రాస్తారు. మా క్వార్టర్స్‌లో ఆడవాళ్లు కూడా 'ఫలానా నంబరాయన భార్య' అనే చెప్పుకునేవాళ్లు. నాన్నకి హెడ్డుగా ప్రమోషన్ వచ్చినప్పుడు అమ్మ సంతోషపడింది గానీ, ఆ నంబరు పోయినందుకు కాస్త దిగులుపడింది కూడా. మా ఇంట్లో సూట్‌కేసు తాళానికి అదే నంబరు. మొదటి ఏటీఎం కార్డుకీ అదే. ఆ నంబరేమిటో ఇక్కడ రాయను. అమ్మ ఇప్పటికీ అదే వాడుతోంది!

తనని అందరూ నంబరుతో పిలిచారు కాబట్టో ఏమో, నాన్న మాత్రం ఎదుటివాళ్ల పేరు అడగకుండా మాట మొదలుపెట్టేవాడు కాదు. పాలవాడైనా, బస్సులో పక్క సీటాయనైనా మొదటి ప్రశ్న "నీ పేరేంటి బాబూ?" అనే. మాకు తల కొట్టేసినట్టుండేది. ఈ అలవాటు ఎక్కణ్నుంచి వచ్చిందో ఒకే ఒక్కసారి చెప్పాడు. అదీ పూర్తిగా కాదు.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన. సర్కారు లెక్కే పదివేలకు దగ్గరగా ఉంది. పోయినవాళ్లు అంతకన్నా చాలా ఎక్కువని అక్కడివాళ్లు ఇప్పటికీ అంటారు. నాన్నకప్పుడు ఇరవై మూడేళ్లు. ఉద్యోగంలో చేరి రెండేళ్లు. సహాయక పనులకని పంపిస్తే, చెట్లు కూలి దారులు మూసుకుపోయి, సగం దూరం నడిచే వెళ్లారట. శవాలు తుమ్మచెట్లకు చిక్కుకుని ఉన్నాయి. వాటిని దించడం, లెక్కపెట్టడం, దహనం చేయడం. గుర్తుపట్టడానికి మనుషులే మిగలని చోట ఏ పేరని రాస్తారు? అందుకని దొరికిన గుర్తులు రాసుకున్నాడట. ఆడమనిషి, ముప్పై ఉండొచ్చు, ఎడమచేతికి పచ్చబొట్టు. మగపిల్లాడు, అయిదారేళ్లు, మొలతాడుకి రాగి పైసా. "రెండో రోజుకి అలా రాయడం కూడా మానేశాం. అంకెలేసుకుంటూ పోయాం" అన్నాడు. అంతవరకే చెప్పాడు. బందరు పక్క పిల్లని పెళ్లి చేసుకుని కూడా నాన్న జన్మలో మళ్లీ చేప ముట్టలేదు. అమ్మ మాకు చేపల పులుసు పెట్టాలంటే ఆయన నైట్ డ్యూటీ చూసుకుని వండేది.

* * *

పోలీసు ఇంట్లో పుట్టినవాళ్లని అడిగి చూడండి, పండగ ఎప్పుడని. క్యాలెండర్ చూసి చెప్పరు. మా ఇంట్లో సంక్రాంతి ఎప్పుడూ ఒకటి రెండు రోజులు ఆలస్యం. మా జిల్లాలో సంక్రాంతి అంటే కోడిపందేలు. కోడిపందేలంటే నాన్నకి డ్యూటీ. భోగి, సంక్రాంతి, కనుమ... మూడు రోజులూ ఆయన బరుల దగ్గర. అవి ఆపడానికా, చూడటానికా అని మా మామయ్య ఎగతాళి చేసేవాడు. ముక్కనుమ నాడు నాన్న ఇంటికొచ్చి నిద్రపోయి లేచాకే మా ఇంట్లో గారెలు వేగేవి. ఊరంతా ముగ్గులు చెరిగిపోయాక మా వాకిట్లో కొత్త ముగ్గు. వినాయక చవితి అంటే నిమజ్జనం బందోబస్తు. దీపావళికి టపాకాయల దుకాణాల దగ్గర డ్యూటీ. మా అన్నయ్య పదో తరగతి పరీక్షలు రాస్తుంటే నాన్న కూడా పరీక్ష కేంద్రం దగ్గరే ఉన్నాడు... వేరే ఊళ్లో, వేరే పిల్లలకి కాపలాగా.

2004లో కృష్ణా పుష్కరాలొచ్చాయి. నాన్న అప్పటికి ఏఎస్సై. పన్నెండు రోజులూ విజయవాడలోనే. ఇంటికి రావడం కుదరదని తెలిసి, అమ్మే మమ్మల్ని వెంటబెట్టుకుని బయల్దేరింది. స్నానమూ అవుతుంది, ఆయన్ని చూసినట్టూ ఉంటుందని. నాకు పదహారేళ్లు. ఆ జనంలో వెతగ్గా వెతగ్గా ఒక ఘాటు మెట్ల దగ్గర కనబడ్డాడు. చేతిలో తాడు, నోట్లో విజిల్. అమ్మ సంబరంగా చెయ్యూపింది. నాన్న చూశాడు. చూసి, అందర్నీ అన్నట్టే మమ్మల్నీ "నిలబడకండమ్మా, ముందుకు నడవండి... ముందుకు నడవండి" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తిరుగు ప్రయాణంలో బస్సులో అమ్మతో ఒక్క మాట మాట్లాడలేదు. అమ్మ మాత్రం "పాపం, మొహం ఎలా కమిలిపోయిందో చూశావా" అంటూ కూర్చుంది. ఆ విజిల్‌కి కట్టిన తాడు మాసిపోయిందట. అది కూడా చూసింది!

ఇల్లు నడిపింది అమ్మే. నాన్న జీతం తెచ్చిచ్చేవాడు, లెక్క రాసేవాడు. ఆ లెక్కల సంగతి చెప్పాలి. పోలీసు స్టేషన్లో జనరల్ డైరీ అని ఒకటుంటుంది. ఎవరొచ్చారు, ఎవరెళ్లారు, ఎన్ని గంటలకి... అన్నీ అందులో ఎక్కాలి. నాన్న కొన్నేళ్లు స్టేషన్ రైటరుగా చేశాడు. ఆ అలవాటు ఇంటికీ తెచ్చాడు. చొక్కా జేబులో పట్టేంత చిన్న నోటుబుక్కులు. అన్ని రోజులూ, అన్ని పైసలూ వాటిలో ఉండేవి. పాలు, కిరోసిన్, బ్రాసో డబ్బా, అమ్మకి తలనొప్పి మాత్ర, నాకు జామెట్రీ బాక్సు. ఎక్కడా మాట ఎక్కువుండదు. నేను పుట్టిన రోజు పేజీలో ఏముందో తెలుసా? 'ఆడపిల్ల. ఉదయం 5.40. ఆయాకి 20.' అంతే.

ఇంట్లో శిక్షాస్మృతి కూడా ఉండేది. బెల్లం దొంగిలిస్తే అన్నయ్య మీద 379. హోంవర్కు చేశానని అబద్ధం చెబితే నా మీద 420. ఇద్దరం కొట్టుకుంటే హాల్లో 144 సెక్షన్... ఒకరు వంటింట్లో, ఒకరు వరండాలో ఉండాలి, ఇద్దరూ ఒకచోట కనిపించకూడదు. ఇవన్నీ నాన్న నోటితో చెప్పే శిక్షలే. చెయ్యెత్తింది లేదు. 'మా నాన్న పోలీసే గానీ మమ్మల్ని ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు' అని స్నేహితుల దగ్గర గొప్పలు పోయేదాన్ని.

నాన్నకి ఇంకో చాదస్తం ఉండేది. మేం కొన్నేళ్లున్న ఒక చిన్న టౌనులో, క్వార్టర్స్ పక్క వీధిలోనే సైకిల్ షాపుంది. నాన్న అక్కడికి వెళ్లేవాడు కాదు. పంక్చరైన సైకిల్ని తోసుకుంటూ రైలుగేటు దాటి, ఊరి అవతలున్న షాపుకి వెళ్లేవాడు. మూడు కిలోమీటర్లు పైనే. "ఆ గేటవతల వాడేమైనా బంగారంతో అతుకేస్తాడా?" అని అమ్మ సాధించేది. నాన్న మాట్లాడేవాడు కాదు. ఒకసారి నేనూ వెంటపడి వెళ్లాను. ఎనిమిదేళ్లుంటాయి. ఆ షాపతను నాన్నకి నమస్కారం పెట్టలేదు. దారంతా అందరూ పెట్టారు, ఈయన పెట్టలేదు. అందుకే గుర్తుండిపోయింది. సైకిల్ తలకిందులుగా నిలబెట్టి, ట్యూబు నీళ్లలో ముంచి, బుడగలు చూపించి అతుకేశాడు. నాన్న డబ్బులిచ్చాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకోలేదు.

* * *

నేను జర్నలిజంలో చేరతానంటే నాన్న వద్దనలేదు. డిప్లొమా క్లాసుల్లో ఎఫ్ఐఆర్ గురించి ఒక గంట చెప్పారు. ఇంటికొస్తే నాన్న ఒక రాత్రంతా చెప్పాడు. ఎఫ్ఐఆర్‌లో టైము రెండు చోట్ల ఉంటుంది, నేరం జరిగిన టైము, స్టేషన్‌కి తెలిసిన టైము. ఆ రెంటికీ మధ్య ఎంత తేడా ఉందో ముందు చూడు, అసలు కథ అక్కడుంటుందని చెప్పాడు. క్రైమ్ వార్తలు రాసిన రెండేళ్లూ నాకు పనికొచ్చిన పాఠం అదొక్కటే.

అదే క్లాసుల్లో డి.కె.బసు కేసు గురించి కూడా చెప్పారు. అరెస్టు చేసేటప్పుడు, కస్టడీలో ఉంచినప్పుడు పోలీసులు ఏం చేయాలో, ఏం చేయకూడదో 1996లో సుప్రీంకోర్టు పదకొండు మార్గదర్శకాలిచ్చింది. అరెస్టు సంగతి దగ్గరివాళ్లకి చెప్పాలి, ఒంటిమీది గాయాలు రాసి సంతకం తీసుకోవాలి, నలభై ఎనిమిది గంటలకోసారి డాక్టరు చేత పరీక్ష చేయించాలి... ఇలా. పాఠం వింటున్నంతసేపూ నాకు మా వరండాలో మేకే కళ్లముందు మెదిలింది.

2010లో ఒక ఆదివారం. నాన్న వరండాలో పాత పేపరు పరుచుకుని బకిల్‌కి బ్రాసో రుద్దుతున్నాడు. పక్కన కూర్చుని అడిగేశాను.

"నాన్నా, నువ్వెప్పుడైనా ఎవరినైనా కొట్టావా? స్టేషన్లో."

గుడ్డ ఆగింది. మళ్లీ రుద్దడం మొదలైంది.

"కొట్టాను."

"కొట్టమంటేనా?"

"కొట్టమన్నారు. కొట్టమనకుండా కొట్టిన రోజులు కూడా ఉన్నాయి."

"ఎంతమందిని?"

"అది లెక్క రాసుకోలేదమ్మా."

లోపల్నుంచి అమ్మ "అన్నం చల్లారిపోతోంది" అని కేకేసింది. నాన్న లేచి వెళ్లి, చేతులు కడుక్కోవడానికి మామూలు కంటే ఎక్కువ సేపు తీసుకున్నాడు. లేదా నాకే అలా అనిపించిందేమో.

చాలా రోజులు ఆయనతో సరిగా మాట్లాడలేదు. 'మమ్మల్ని ఒక్క దెబ్బ కొట్టలేదు' అన్న గొప్ప ఆ రోజుతో పోయింది. చెయ్యి ఎలా ఆపుకోవాలో ఈయనకి తెలుసు... మరి అక్కడెందుకు ఆపుకోలేదు? ఈ మాట పైకి అనలేదు. అని ఉండాల్సిందేమో. అప్పుడు నాకు ఇరవై రెండు. ఆ వయసులో ప్రశ్న అడగడం తెలుస్తుంది గానీ జవాబు పక్కన కూర్చోవడం తెలీదు.

* * *

రిటైరయ్యాక నాన్న మా ఇంటికి కొత్తగా బదిలీ అయి వచ్చినట్టుండేది. తెల్లవారుజామున నాలుక్కి లేచేవాడు. లేచి, ఏం చేయాలో తోచక గేటు దగ్గర నిలబడేవాడు. పేపరబ్బాయి ఒక రోజు అయిదుంపావుకి, ఒక రోజు అయిదున్నరకి ఎందుకొస్తున్నాడో ఆరా తీసేవాడు. కూరగాయలకు వెళితే మూడు బండ్ల దగ్గర ధరలు కనుక్కుని, నోటుబుక్కులో రాసుకుని, నాలుగో బండి దగ్గర అడిగిందిచ్చి కొనుక్కొచ్చేవాడు. బేరమాడటం రాదు. అన్నేళ్లు ఖాకీలో తిరిగిన మనిషికి తోటకూర బేరం చేయడం రాదంటే ఎవరు నమ్ముతారు?

ఇంటికి చుట్టాలొస్తే 'ఎన్నింటికి బయల్దేరారు, ఏ బస్సు, దారిలో ఎక్కడ ఆగారు' అని వరసగా అడిగేవాడు. నా పెళ్లిచూపులకి వచ్చిన అబ్బాయినీ అలాగే అడిగాడు. అది చాలదన్నట్టు ఆ తర్వాత మూడు రోజులు, వాళ్ల ఆఫీసు ఎదురుగా ఉన్న టీకొట్లో కూర్చున్నాడు. నాలుగో రోజు ఆ అబ్బాయే వచ్చి "అంకుల్, లోపలికి రండి, మా క్యాంటీన్లో టీ ఇంకా బావుంటుంది" అన్నాడట. సంబంధం ఖాయమైంది. మా ఆయన ఇప్పటికీ 'స్టేట్‌మెంట్ ఇచ్చి పెళ్లి చేసుకున్నా' అంటాడు.

మా అమ్మాయి పుట్టాక నాన్న పూర్తిగా ఇంటి మనిషయ్యాడు. మాకు ఏ రోజూ స్నానం చేయించని మనిషి దానికి నలుగు పెట్టాడు. జడలు వేశాడు. విజిల్ తాడు అల్లినంత బిగువుగా. అది 'తాతా, నొప్పి' అంటే వెంటనే విప్పేసి, మొదట్నుంచీ వేసేవాడు. ఇదంతా చూసి నాకు కాస్త అసూయ కూడా వేసేది. అమ్మకి మాత్రం కోపమొచ్చేది. "నా పిల్లలప్పుడు ఈ చేతులేమయ్యాయి?" అని ఒకసారి అనేసింది. నాన్న దువ్వెన పక్కన పెట్టి, "అప్పుడు సెలవు దొరకలేదే" అన్నాడు. 2019లో ఆంధ్రప్రదేశ్ పోలీసులకి వీక్లీ ఆఫ్ ప్రకటించిన రోజు, పేపర్లో ఆ వార్తని రెండుసార్లు చదివి, కత్తిరించి, నోటుబుక్కులో పెట్టుకున్నాడు. అది ఏ మేరకు అమలైందన్నది వేరే కథ.

ఏటా అక్టోబరు 21న మాత్రం తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని బందరు వెళ్లేవాడు. 1959లో ఆ రోజున లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పదిమంది మన పోలీసులు చనిపోయారు. అప్పట్నుంచీ అది పోలీసు అమరవీరుల దినం. ఆ ఏడాది దేశంలో విధి నిర్వహణలో పోయినవాళ్ల పేర్లు చదువుతారు. నాన్న వెళ్లేది ఆ పేర్లు వినడానికే. ఉపన్యాసాలు మొదలయ్యేసరికి బస్సెక్కేసేవాడు.

2024 ఫిబ్రవరిలో ఒక రాత్రి నిద్రలోనే పోయాడు. గుండె అన్నారు. ఎవరికీ శ్రమ ఇవ్వలేదని చుట్టాలు మెచ్చుకున్నారు. నాకైతే కాస్త శ్రమ పెట్టి ఉంటే బావుండుననిపించింది. ఆ జులై 1న ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. బెల్లం దొంగతనం 303 అయింది. నా హోంవర్కు అబద్ధం 318కి మారింది. హాల్లో 144 కూడా కొత్త చట్టంలో 163. ఉండి ఉంటే ఈ వయసులోనూ అన్నీ మళ్లీ బట్టీ పట్టేవాడే.

* * *

పదకొండో రోజున చాలామందే వచ్చారు. నాన్నతోపాటు ఉద్యోగంలో చేరినవాళ్లు నలుగురు, ఇద్దరు చేతికర్రలతో. భోజనాలయ్యాక, అందరూ లేచిపోతుంటే, అరవైకి దగ్గరున్న ఒకాయన వరండాలో ఒంటరిగా కూర్చుని కనిపించాడు. భోంచేశారా అని అడిగాను.

"మీరు పెద్దాయన కూతురుగారా? చిన్నప్పుడోసారి మా షాపుకొచ్చారు. రైలుగేటవతల" అన్నాడు.

వెంటనే గుర్తొచ్చింది. బుడగలు, నీళ్ల తొట్టి, పెట్టని నమస్కారం. అంతదూరం నుంచి వచ్చినందుకు థాంక్స్ చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, కుడిచెయ్యి ముందుకు చాపాడు. చూపుడువేలు సగానికి మించి వంగడం లేదు.

"ఇది మీ నాన్నగారు చేసిందేనమ్మా. '95లో. పొలాల్లో ఆయిలింజన్లు పోతున్నాయని నన్ను తీసుకెళ్లారు. రెండు రోజులు ఉంచారు. లాఠీ పట్టుకుంది ఆయనే. నేను కాదని వారానికి తేలింది. వేరేవాళ్లు దొరికారు."

నాకు నోట మాట రాలేదు. ఆయన గొంతులో కోపం లేదు. ఏడుపూ లేదు. సైకిల్ రిపేరు గురించి చెబుతున్నట్టే చెప్పాడు.

"తర్వాత నెలకనుకుంటా, పంక్చరని సైకిల్ తోసుకుంటూ వచ్చారు. అంత దూరం నుంచి! నాకు చేతులు వణికాయి. వేశాను. డబ్బులిచ్చారు. పోలీసాయన డబ్బులివ్వడమేంటని మా అమ్మ పుచ్చుకోవద్దంది. నేను పుచ్చుకున్నాను. అక్కడున్నన్నాళ్లూ వస్తూనే ఉన్నారు. బదిలీ అయ్యాక కూడా అటు డ్యూటీ పడితే ఆగేవారు."

"క్షమించమని అడిగారా?"

"లేదమ్మా. ఆయన అడగలేదు."

"మీరు..."

"అడగందే ఏం చెబుతాం?" అన్నాడు. లేచి, గుమ్మం దగ్గర పెట్టిన నాన్న ఫొటోకేసి ఒక నిమిషం చూశాడు. దండం పెడతాడేమో అనుకున్నాను. పెట్టలేదు. చెప్పులేసుకుని, "అమ్మగారిని అడిగానని చెప్పండి" అని వెళ్లిపోయాడు. పేరు అడగడం నేను మర్చిపోయాను. నాన్నయితే మొదటే అడిగేవాడు.

నాన్న గురించి రాయాలని కూర్చున్న ప్రతిసారీ లేచిపోయింది ఇందుకే. ముక్కనుమ గారెలు రాస్తే ఈ వేలు గుర్తొస్తుంది. వేలు గురించి రాస్తే మా అమ్మాయి జడ గుర్తొస్తుంది. ఒకటి రాసి ఒకటి వదిలేయడానికి చెయ్యి రావడం లేదు.

నాన్న నోటుబుక్కులన్నీ ఒక ట్రంకుపెట్టెలో ఉన్నాయి. సంవత్సరాల వారీగా దారంతో కట్టి. మొన్నటి ఆబ్దికానికి వెళ్లినప్పుడు, అమ్మ పడుకున్నాక 1995 కట్ట విప్పాను. ఒక్కో పేజీ తిప్పాను. పాలు ఉన్నాయి. కిరోసిన్ ఉంది. అన్నయ్య ఫీజు ఉంది. నాకు జ్వరమొస్తే వేయించిన ఇంజక్షన్ ఉంది. ఆ సంగతి మాత్రం ఎక్కడా లేదు. లెక్క రాసుకోలేదన్నది నిజమే. ఆ సంవత్సరం చివరి పేజీల్లోనూ, తర్వాతి రెండేళ్లలోనూ మాత్రం ఒక మాట పదే పదే కనిపించింది. 'పంక్చరు.' ఒక నెలలో నాలుగుసార్లుంది. ఒకసారి వరసగా రెండు రోజులుంది.

తెల్లారి అమ్మకి చూపించాను. ఆయనొచ్చి చెప్పిందంతా కూడా అప్పుడే చెప్పాను. అమ్మ విని, చాలాసేపు ఏమీ అనలేదు. ఆ రోజుల్లో నాన్న ఎలా ఉన్నాడో గుర్తుందా, ఇంటికొచ్చి ఏమైనా అన్నాడా, అన్నం తిన్నాడా అని అడిగాను.

"ఎన్ని రాత్రుళ్లు తినలేదు! ఏదని గుర్తుపెట్టుకోను?" అంది.

"మరి ఇన్ని పంక్చర్లేంటమ్మా? నిజంగా ఇన్నిసార్లు పడ్డాయా?"

అమ్మ కళ్లజోడు సర్దుకుని, ఆ పేజీని దగ్గరగా పెట్టుకుని చదివింది. నోటుబుక్కు మూసి, దారం మళ్లీ చుట్టడం మొదలుపెట్టింది.

"పడవా మరి? ఆ రోడ్లు నీకేం తెలుసు. అన్నీ గతుకులే."